పేద పిల్లల సాయం పేదలకే ఇవ్వాలా, పిల్లలందరికీ ఇచ్చేయాలా?

ప్రశ్నలపుట్ట:

ఫ్రెండ్స్, ఆఫీసులో ఒక కొలీగ్‌తో మొదలైన వాదన ఇంకా తెగట్లేదు, మీరైనా కాస్త తేల్చండి. ఆయన పాయింట్ ఏంటంటే ప్రభుత్వం దగ్గర ఉన్నదే అంతంత మాత్రం డబ్బు, కాబట్టి పిల్లల పేరు మీద ఇచ్చే సాయం ఏదైనా గట్టిగా జల్లెడ పట్టి నిజంగా లేనివాళ్ళకే ఇవ్వాలి, అందరికీ పంచడం అంటే దుబారా అని. నాకేమో పిల్లల విషయంలో ఆ జల్లెడే అసలు సమస్య అనిపిస్తుంది, కానీ "అయితే కోటీశ్వరుడి కొడుక్కి కూడా ఇస్తావా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి షరతుల సంగతి. బడికి పంపితేనే డబ్బు, టీకాలు వేయిస్తేనే డబ్బు అనే పద్ధతి ఉంది కదా, ఆయన దానికి ఫుల్ సపోర్ట్. ఇందులో నేను కూడా సగం ఒప్పుకుంటా, ఊరికే ఇస్తే పిల్లలకి చేరుతుందో లేదో ఎవరికి తెలుసు.

పార్టీల గొడవ వద్దు ప్లీజ్. ఎక్కడైనా నిజంగా చేసి చూసిన ఉదాహరణలు ఉంటే చెప్పండి, ఏ దేశమైనా పర్లేదు.

లెక్కలమాస్టారు:

మీ కొలీగ్ గారి ఉద్దేశంలో తప్పేం లేదండీ, కాకపోతే జల్లెడ పట్టడానికి ఖర్చేమీ కాదని, పట్టాక మిగిలేది సరిగ్గా పేదలేనని ఆయన అనుకుంటున్నారు. రెండూ నిజం కాదు. ఏ జల్లెడ పెట్టినా రెండు రకాల తప్పులు జరుగుతాయి, అర్హత లేనివాళ్ళు లోపలికి రావడం ఒకటి, అర్హత ఉన్నవాళ్ళు బయట ఉండిపోవడం ఇంకోటి. మొదటిది దొరికితే పేపర్లో ఫోటోతో సహా వస్తుంది, రెండోది ఎవరికీ తెలీను కూడా తెలీదు, ఆ పిల్లాడు ఏ లిస్టులోనూ లేడు కాబట్టి. అందుకే ప్రతి ప్రభుత్వమూ మొదటిదాన్ని చూసి భయపడి కాగితాలు పెంచుకుంటూ పోతుంది, దాంతో రెండోది పెరుగుతుంది.

గీత ఎక్కడ గీయాలి అన్నది ఇంకో తలనొప్పి. బ్రిటన్‌లో 2013 జనవరి నుంచి పిల్లలున్న ఇళ్ళకి ఇచ్చే సాయం చైల్డ్ బెనిఫిట్‌కి కోత పెట్టారు, తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి ఆదాయం ఏడాదికి 50,000 పౌండ్లు దాటితే కొద్దికొద్దిగా వెనక్కి తీసుకోవడం మొదలయ్యేది, 60,000 వచ్చేసరికి మొత్తం పోయేది. వినడానికి బానే ఉంది కదా. ఇప్పుడు ఒక ఇంట్లో ఇద్దరూ చెరో 49,000 సంపాదిస్తున్నారు అనుకోండి, ఇంటికి 98,000 వస్తున్నా వాళ్ళకి సాయం పూర్తిగా అందేది. పక్కింట్లో ఒంటరి తల్లి 60,000 తెచ్చుకుంటూ ముగ్గుర్ని పెంచుతుంటే ఆవిడకి సున్నా! పదకొండేళ్ళు ఇదే నడిచింది, 2024 ఏప్రిల్‌లో కోత మొదలయ్యే గీతని 60,000కి జరిపారు గానీ ఒక్కరి జీతమే చూసే పద్ధతి అలాగే ఉంది.

ఇంకా కింద ఉన్నవాళ్ళకి అయితే గీత దగ్గర గొయ్యే ఉంటుంది. లెక్క కోసం ఊహించుకున్న అంకెలు చెప్తా. నెలకి 1000 లోపు సంపాదించే ఇంటికి 150 సాయం, దాటితే ఏమీ లేదు. 990 తెచ్చుకునే ఇంటికి సాయంతో కలిపి 1140 అవుతుంది. ఓవర్‌టైం చేసి 1020 తెచ్చుకుంటే చేతిలో ఉండేది 1020 మాత్రమే. ముప్పై ఎక్కువ సంపాదించినందుకు నూట ఇరవై నష్టం, అదీ ఇంట్లో పిల్లలతో గడపాల్సిన టైం పోగొట్టుకుని. వాళ్ళు ఓవర్‌టైం వద్దంటే మనం బద్ధకం అంటాం.

కోటీశ్వరుడి కొడుకు సంగతి అడిగారు. ఇవ్వండి, ఏం పర్లేదు. ఇచ్చి ఆ కోటీశ్వరుడి దగ్గర పన్నులో అంతకి నాలుగింతలు లాగండి. ఆయన ఆదాయం పన్ను శాఖ రికార్డుల్లో ఎలాగూ ఉంటుంది (దాచుకున్నది పక్కన పెడితే). రోజు కూలీ ఆదాయం ఏ రికార్డులోనూ ఉండదు. కొలవడం తేలికైన చోట కొలవకుండా, కొలవడం కష్టమైన చోట కొలుస్తాం అంటారేంటి అని మీ కొలీగ్‌ని అడగండి.

చేసి చూసిన ఉదాహరణ అంటే అమెరికా 2021. అప్పటిదాకా వాళ్ళ చైల్డ్ టాక్స్ క్రెడిట్ (పిల్లలున్నవాళ్ళకి పన్నులో ఇచ్చే రాయితీ) పిల్లాడికి ఏడాదికి 2,000 డాలర్లు ఉండేది, చిత్రం ఏంటంటే సంపాదన మరీ తక్కువ ఉన్న ఇళ్ళకి పూర్తిగా వచ్చేది కాదు, కట్టాల్సిన పన్నుతో, జీతంతో ముడిపెట్టారు కాబట్టి. ఆ ఒక్క ఏడాదికి దాన్ని ఆరేళ్ళ లోపు పిల్లలకి 3,600, పదిహేడేళ్ళ దాకా 3,000 చేసి, ఏ ఆదాయమూ లేని ఇంటికి కూడా పూర్తిగా ఇచ్చి, అందులో సగం జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా అకౌంట్లో వేశారు. ఆ దేశంలో సాయాలన్నీ కలిపి లెక్కేసే కొలత ప్రకారం పిల్లల పేదరికం 2020లో 9.7 శాతం ఉన్నది 2021లో 5.2కి దిగింది. తర్వాత పొడిగించలేదు. 2022లో 12.4. కోవిడ్ టైంలో ఇచ్చిన మిగతా సాయాలు కూడా అప్పుడే ఆగిపోయాయి కాబట్టి మొత్తం దీని ఖాతాలోనే వేయకూడదు, అయినా రెండేళ్ళలో ఇంత కిందకి, ఇంత పైకి వెళ్ళిందంటే పిల్లల పేదరికం ఎంత ఉండాలన్నది చాలావరకు సర్కారు చేతిలోని పనే.

ఫైలుబాబు:

మాస్టారు లెక్కలు చెప్పారు, నేను కౌంటర్ ఇవతలి వైపు చెప్తా. సెలవు రోజుల్లో ఇలాంటి పథకాలకి ఫారాలు నింపిపెట్టే పని చేస్తుంటా ఊరికే, ఏ పథకం ఎక్కడ అనేవి వదిలేయండి, ఫారాలన్నీ ఒకే తల్లి బిడ్డల్లాగా ఉంటాయి.

అన్నిట్లోకీ కష్టమైన గడి "నెలసరి ఆదాయం". ఒక ముసలావిడ మనవరాలిని తీసుకుని వచ్చింది, పిల్ల తల్లి పనికోసం ఎక్కడికో వెళ్ళింది, తండ్రి లేడు. ఈవిడ చేసేది కూలి పని, ఒక వారం ఉంటుంది రెండు వారాలు ఉండదు, జబ్బు చేస్తే అదీ లేదు. గడిలో ఒక్క అంకె పట్టే చోటు ఉంది. నేను పెన్ను పట్టుకుని ఎంత రాయమంటారు అమ్మా అంటే ఆవిడ నన్నే అడిగింది, "ఎంత రాస్తే వస్తుంది బాబూ?" అని. దాన్ని మోసం అంటారా చెప్పండి, అడిగిన ప్రశ్నకే జవాబు లేనప్పుడు.

అక్కడితో అయిపోలేదు. పుట్టిన సర్టిఫికెట్లో పిల్ల పేరు ఒక స్పెల్లింగ్, బడి రిజిస్టర్లో ఇంకో స్పెల్లింగ్. గార్డియన్ గడిలో తల్లి కాకపోతే కోర్టు కాగితం జతచేయాలి అని ఉంది. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లకి కోర్టు కాగితం ఎక్కడ్నుంచి వస్తుందండీ, ఆ ఫారం తయారు చేసినవాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ అమ్మమ్మ దగ్గర పెరగలేదనుకుంటా. డబ్బు మంజూరు చేసేది పైన ఎక్కడో, ఆపేది మాత్రం ఈ గడి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, అదీ సంగతి.

ఇది ఒక్కచోటి గోల కాదు. అసలు పుట్టుక నమోదే కాని అయిదేళ్ళ లోపు పిల్లలు ప్రపంచంలో సుమారు 15 కోట్ల మంది ఉన్నారని యునిసెఫ్ లెక్క. జనన పత్రం లేనిదే మొదటి గడి కూడా దాటలేరు వాళ్ళు. దక్షిణాఫ్రికా వాళ్ళు 1998లో మొదలుపెట్టిన చైల్డ్ సపోర్ట్ గ్రాంట్‌లో ఒక మంచి పని చేశారు, డబ్బు పిల్లాడిని నిజంగా ఎవరు చూసుకుంటున్నారో వాళ్ళ చేతికి వెళ్తుంది, తల్లే కానక్కర్లేదు, అమ్మమ్మ అయినా ఇంకెవరైనా సరే. మొదట్లో ఏడేళ్ళ లోపు పిల్లలకే ఉండేది, తర్వాత్తర్వాత పద్దెనిమిదేళ్ళ దాకా పెంచారు.

ఇంకా, ఒకసారి లోపలికి వచ్చినా గ్యారంటీ లేదు. అమెరికాలో పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ ఉంది కదా, కోవిడ్ టైంలో ఎవర్నీ తీసేయకూడదని ఆపి, 2023 ఏప్రిల్ నుంచి మళ్ళీ ప్రతివాళ్ళ అర్హతనీ చెక్ చేయడం మొదలెట్టారు. రెండు కోట్ల మందికి పైగా పేర్లు పోయాయి, అందులో పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఎక్కువమంది పోయింది ఆదాయం పెరిగిందని తేలి కాదు, ఉత్తరం పాత అడ్రస్‌కి వెళ్ళిందనో, ఫారం టైంకి తిరిగి రాలేదనో, ఇలాంటి కారణాలతో.

సూటిగా:

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను కొలీగ్ తరఫున వకాల్తా పుచ్చుకుంటా.

ఒకే మొత్తం డబ్బు పిల్లలందరికీ పంచితే తలకి వచ్చేది గీసి గీసి ఇచ్చినట్టు ఉంటుంది, దాంతో ఎవరి ఆకలీ తీరదు. "పన్నులో లాగండి" అని మాస్టారు తేలిగ్గా అనేశారు, పన్ను వసూలు వ్యవస్థే సరిగ్గా లేని దేశాల్లో లాగేది ఎవరు? అక్కడ ఎంచుకోక తప్పదు.

ఎంచుకుని బాగా చేసిన ఉదాహరణ మెక్సికో. 1997లో ప్రోగ్రెసా అని పెట్టారు, సాంటియాగో లెవీ అనే ఆర్థికవేత్త దాని వెనక ముఖ్యుడు. డబ్బు తల్లి చేతికి ఇస్తారు, పిల్లలు బడికి కనీసం 85 శాతం హాజరవ్వాలి, ఇంట్లోవాళ్ళు ఆరోగ్య కేంద్రానికి చెకప్‌కి వెళ్ళాలి. హైస్కూలు వయసులో ఆడపిల్లలు ఎక్కువగా మానేస్తున్నారని వాళ్ళకి మగపిల్లల కంటే ఎక్కువ ఇచ్చారు. అన్నిటికంటే నాకు నచ్చింది ఏంటంటే 506 గ్రామాలు తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్నిటికి ముందు, కొన్నిటికి తర్వాత ఇచ్చి తేడా కొలిచారు. హైస్కూల్లో చేరేవాళ్ళు పెరిగారు, ముఖ్యంగా ఆడపిల్లలు. అందుకే పేర్లు మారినా, ప్రెసిడెంట్లు మారినా 2019 దాకా బతికింది. బ్రెజిల్ 2003లో బోల్సా ఫమీలియా పెట్టింది కూడా ఇదే దారిలో, పేద ఇళ్ళకి మాత్రమే, బడి, టీకాల షరతులతో.

షరతు ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది, ఎవరూ ఒప్పుకోరు గానీ. పన్ను కట్టే మధ్యతరగతికి "ఊరికే ఇవ్వట్లేదు, పిల్లల్ని చదివిస్తున్నందుకు ఇస్తున్నాం" అని చెప్పుకోవచ్చు. ఆ మాట లేకపోతే పథకం మొదటి ఎన్నికల్లోనే పోతుంది. మాస్టారు చెప్పిన అమెరికా పథకం ఒక్క ఏడాదికే ఎందుకు ఆగిందో మీరే ఆలోచించుకోండి, ఏ షరతూ లేకుండా ఇవ్వడం ఏంటన్నదే అక్కడ పెద్ద అభ్యంతరం.

వానచినుకు:

@సూటిగా గారు, ప్రోగ్రెసా గురించి మీరు చెప్పింది కరెక్టే, కానీ అక్కడ రెండు కలిసి ఉన్నాయి, డబ్బూ షరతూ, దేని వల్ల ఎంత అనేది దాన్ని చూసి చెప్పలేం. విడదీసి చూసింది ఆఫ్రికాలోని మలావీలో, జోంబా అనే జిల్లాలో టీనేజ్ ఆడపిల్లల మీద చేసిన ప్రయోగంలో. కొంతమందికి బడికి వస్తేనే డబ్బు, కొంతమందికి వచ్చినా రాకపోయినా డబ్బు. బడి చదువు వరకు చూస్తే షరతు పెట్టిన గుంపే మెరుగు, ఇందులో మీ మాటే నెగ్గింది. కానీ చిన్న వయసులో పెళ్ళిళ్ళు, గర్భాలు తగ్గింది షరతు లేని గుంపులో. ఎందుకంటే ఏ కారణం చేతైనా బడి మానేసిన పిల్లకి షరతు గుంపులో డబ్బు కూడా ఆగిపోయింది, లేని గుంపులో చేతికి డబ్బు వస్తూనే ఉంది కాబట్టి పెళ్ళి ఒక్కటే దారి అవ్వలేదు. అంటే షరతు వల్ల బాగుపడేది అంచు మీద ఉన్న పిల్లలు, దెబ్బ తినేది అప్పటికే జారిపోయిన పిల్లలు. సాయం అందరికంటే ఎక్కువ కావాల్సింది వాళ్ళకే కదండీ.

షరతు ఎవరి మీద పెడుతున్నాం అనేది కూడా చూడాలి. చెకప్ చేయించాలి అంటారు, ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ లేకపోతే ఆ తప్పు తల్లిదా? బడికి పంపాలి అంటారు, టీచర్ రాకపోతే? ఫైన్ మాత్రం ఇంటికే పడుతుంది, డాక్టర్‌కీ టీచర్‌కీ పడదు.

ఇంకో రకం షరతు ఉంది, అది నాకు అస్సలు అర్థం కాదు, పుట్టిన వరసని బట్టి కోయడం. ఇండియాలో 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకి, బాలింతలకి కనీసం 6,000 రూపాయలు అని రాసింది, ఎన్నో కాన్పు అనే లెక్క అందులో లేదు. 2017లో దాన్ని అమలు చేయడానికి వచ్చిన మాతృ వందన యోజనలో అది మొదటి బిడ్డకి మాత్రమే 5,000 అయింది, అదీ విడతల్లో, తర్వాత రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 అని కలిపారు. బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన మూడో బిడ్డకి కొన్ని సాయాల్లో పైసా ఇవ్వలేదు, ఏళ్ళ తరబడి గొడవయ్యాక 2025 నవంబర్ బడ్జెట్లో ఎత్తేస్తామని చెప్పారు. రూల్ తల్లిదండ్రులకి బుద్ధి చెప్పడానికి పెట్టారు సరే, మూడోవాడు ఏం చేశాడు? ముందే పుట్టేయాల్సిందా??

అరిటాకు:

మోసగాళ్ళని పట్టుకోవాలన్న పట్టుదల ఎక్కడిదాకా వెళ్తుందో చూడాలంటే నెదర్లాండ్స్ చూడండి, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. పిల్లల్ని డేకేర్‌లో పెట్టుకోవడానికి తల్లిదండ్రులకి ఇచ్చే సాయం అది. ఫారంలో ఒక సంతకం లేకపోయినా, తమ వాటాగా కట్టాల్సిన చిన్న మొత్తం తగ్గినా, ఏళ్ళ తరబడి తీసుకున్నది మొత్తం వెనక్కి కట్టమన్నారు. వేలకి వేల యూరోలు. కంప్యూటర్ ఎవర్ని అనుమానించాలో తేల్చేటప్పుడు డచ్ పౌరసత్వం ఉందా లేదా అన్నది కూడా ఒక గుర్తుగా పెట్టారు, దాంతో వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువ చిక్కాయి. వేలాది మంది తల్లిదండ్రుల్ని అన్యాయంగా దొంగలన్నారు, ఇళ్ళు పోయాయి, కాపురాలు విడిపోయాయి, ఆ కుటుంబాల్లోని పిల్లలు వెయ్యి మందికి పైగా ప్రభుత్వ సంరక్షణలోకి, వేరే ఇళ్ళకి వెళ్ళిపోయారు. 2021 జనవరిలో అప్పటి ప్రధాని రుట్టె ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది దీని మీదే.

పన్ను వ్యవస్థ, రికార్డులు అన్నీ పక్కాగా ఉన్న దేశం అది. జల్లెడ మంచిదైతే చాలు అనేవాళ్ళ కోసం చెప్తున్నా.

ప్రశ్నలపుట్ట:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. వానచినుకు గారి మలావీ పాయింట్‌తో నా "సగం ఒప్పుకుంటా" ఇప్పుడు పావుకి దిగింది 🙂

ఒక అనుమానం మాత్రం మిగిలింది. డబ్బు కాకుండా నేరుగా బడిలోనే ఇచ్చేస్తే ఈ ఫారాల గోల పోతుందిగా? భోజనం, పుస్తకాలు, కళ్ళద్దాలు ఇలాంటివి. పిల్లాడు వచ్చాడా, తీసుకున్నాడా, అంతే.

లెక్కలమాస్టారు:

పోతుంది, అందుకే బడి భోజనం అన్నిచోట్లా నిలబడింది. ఫిన్లాండ్ 1943లో చట్టం చేసి 1948 నుంచి పిల్లలందరికీ ఉచితంగా పెడుతోంది, ఎవరి నాన్న ఎంత సంపాదిస్తాడని అడగదు. ఇండియాలో 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టమని ఆర్డర్ ఇచ్చినప్పుడు కూడా ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రైమరీ బడుల్లో ప్రతి పిల్లాడికీ అంది, పేద పిల్లాడికి అనలేదు. అమెరికాలో మాత్రం ఇంటి ఆదాయాన్ని బట్టి ఉచితం, తగ్గింపు, పూర్తి ధర అని మూడు వరసలు పెట్టుకున్నారు, దాంతో భోజనం బాకీ పడిన పిల్లలు, ట్రే చేతిలోంచి లాగేసి చల్లటిదేదో చేతిలో పెట్టిన సంఘటనలు, క్లాసులో అందరి ముందూ సిగ్గు. తర్వాత వాళ్ళే 2010 చట్టంలో ఒక దారి పెట్టారు, పేద పిల్లలు బాగా ఎక్కువ ఉన్న బడి అయితే ఫారాలు లేకుండా అందరికీ ఉచితంగా పెట్టొచ్చని. మొదట 40 శాతం ఉంటేనే అన్నారు, 2023లో 25కి దించారు.

కానీ బడిలో ఇచ్చేది అయిదారేళ్ళ వయసు నుంచే కదా. మెదడు, ఒళ్ళు ఎక్కువగా ఎదిగే మొదటి మూడేళ్ళూ పిల్లలు ఇంట్లోనే ఉంటారు, వాళ్ళు ఏ రిజిస్టర్లోనూ లేరు. వాళ్ళని చేరాలంటే ఏదో రకంగా ఇంటికే చేర్చాలి, డబ్బో మనిషో. మళ్ళీ ఫైలుబాబు గారి గడి దగ్గరికే వస్తాం.

సూటిగా:

మూడేళ్ళ లోపు అందరికీ, ఆపైన ఎంచుకుని. దీనికైతే నేను రెడీ. జనన నమోదు ఆస్పత్రిలోనే చేసేసి, అదే కాగితం మీద డబ్బు మొదలైపోవాలి, ఎవరూ అప్లై చేయకూడదు.

ఫైలుబాబు:

ఆస్పత్రిలో పుట్టనివాళ్ళు కూడా ఉంటారండీ. కానీ సరే, మీరు ఇంత దూరం వచ్చారు, ఇవాళ్టికి చాలు.

ఆలస్యంగావచ్చా:

అంతా చదివా, ఒకటి ఎవరూ ముట్టుకోలేదు. ఎవరికి ఇవ్వాలి అని కొట్టుకుంటున్నారు, ఇచ్చిన మొత్తం ఏటా కరిగిపోవడం సంగతి? బ్రిటన్‌లో 2011 నుంచి ముసలివాళ్ళ పింఛనుకి మూడు తాళాలు వేశారు, ధరలు పెరిగినంత, జీతాలు పెరిగినంత, లేదా 2.5 శాతం, ఈ మూడిట్లో ఏది ఎక్కువైతే అంత ప్రతి ఏటా పెరగాలి. అదే దేశంలో పిల్లల చైల్డ్ బెనిఫిట్‌ని 2011 నుంచి మూడేళ్ళు, మళ్ళీ 2016 నుంచి నాలుగేళ్ళు అలాగే కదలకుండా ఉంచేశారు. ఇలా ఆపడానికి ఎవర్నీ లిస్టులోంచి తీసేయక్కర్లేదు, ఒక్క ఫారం మార్చక్కర్లేదు, ధరలు పెరిగినకొద్దీ సాయం దానంతటదే చిన్నదైపోయింది. వానచినుకు గారు చెప్పిన ఆ 6,000 కూడా అంతే, చట్టంలో రాసింది 2013లో, ఇప్పటికీ అదే అంకె.

పింఛను వాళ్ళకి ఇవ్వొద్దు అనట్లేదు, మా ఇంట్లోనూ ఉన్నారు. వాళ్ళు ఓటేస్తారు, అయిదేళ్ళ పిల్లాడు వేయడు, అందుకే తాళం ఒక్కచోటే పడింది. మీ కొలీగ్ గారు ఎంత గట్టి జల్లెడ పట్టినా, ధరలతో పాటు పెరగాలి అన్న ఒక్క వాక్యం చట్టంలో లేకపోతే అయిదారేళ్ళ తర్వాత ఆ ఎంచిన పేద పిల్లాడికి కూడా పెద్దగా ఏమీ మిగలదు.